కుండ తప్పిన రోజులు

చిత్త కార్తె, నాలుగో రోజు

రత్నం ఈ పొద్దున కట్ట మెట్ల మీద కూర్చుండిపోయింది. పడిపోయిందని ఇద్దరు ముగ్గురు నాకు చెప్పారు. కళ్లతో చూసిన మనిషిని పట్టుకుని అడిగితే, పడలేదు, కూర్చుంది అన్నాడు. చేతిలో ఇనుప కమ్మీ అలాగే ఉందట. ఆ కమ్మీతో కట్టను కొట్టి, చప్పుడు విని, లోపల ఎక్కడ గుల్లపడిందో చెప్పడం నా భార్య పని. ఆమె గీత గీసిన చోట తవ్వి సిమెంటు కూరతారు. మా వరస ఇళ్ల కింద గోడ ఇన్నాళ్లు సముద్రాన్ని ఆపిందంటే అందులో ఆమె చెవికి వాటా ఉంది.

సిస్టర్ ఎస్తేరు రాణి వచ్చి వేలికొస గుచ్చి చూసింది. ఉండాల్సిన రక్తంలో సగం కూడా లేదు. పోయిన నెల ఎక్కించిన రక్తం ఎటు పోయిందో తెలియదు.

"విరేచనం నల్లగా అవుతోందా అక్కా?" అని అడిగింది సిస్టర్.

"ఈ కట్ట మీద ఎవులికి పచ్చగా అవుతాదమ్మా?" అంది రత్నం.

అది నిజం. వాననీళ్లూ నాచూ మా ఆహారం. రక్తం పట్టదు. అందుకని పొద్దుటి గంజిలో ఇనుము కలుపుతారు. ఆ గంజి తాగే అందరికీ నల్లగానే ఉంటుంది. పేగుల్లో రక్తం కారితే మలం నల్లబడుతుందని డాక్టర్లు చెప్పే గుర్తు మా దగ్గర పనికిరాదు. ఎన్నాళ్లుగా కారుతోందో ఎవరికీ తెలియకపోవడానికి కారణం అదే.

మధ్యాహ్నం ఎగువ కట్ట ఆసుపత్రి నుంచి డాక్టర్ ఫర్హానా తెర మీద మాట్లాడింది. పోయిన నెల నోట్లోంచి వేసిన గొట్టం కడుపు వరకు చూసింది, ఏమీ లేదు. కిందనుంచి వేసిన గొట్టం పెద్దపేగు చూసింది, అక్కడా లేదు. మధ్యలో చిన్నపేగు మిగిలింది. దాని లోపలి దాకా గొట్టాలు పోవు. ఈ తీరం మొత్తానికి సర్జన్ ఒక్కడే. చోటు తెలియని కోతకు పడవ లేదని కట్ట సంఘం నియమం.

"కెమెరా మాత్ర మింగించాలి. చోటు చూపిస్తే సర్జన్‌ని పంపించమని నేనే రాస్తాను. చూపించకపోతే నా చేతిలో ఏమీ లేదు," అంది డాక్టర్.

పనిచేసే మాత్ర కూడా తీరానికి ఒక్కటే. ఒకరి కడుపులోంచి బయటికొచ్చాక కడిగి, శుద్ధి చేసి, ఛార్జి ఎక్కించి ఇంకొక ఊరికి పంపుతారు. ఈ కార్తె చివర్లో మన వంతు.

సాయంత్రం ఎప్పటిలాగే మైకులో కట్ట వార్తలు చదివాను. నీటిమట్టం, ఏడో తూము దగ్గర నెర్రె, రెండు పడవల రాక. రత్నం సంగతి చదవలేదు. ఇంటి వార్త వార్త కాదు.


చిత్త కార్తె, తొమ్మిదో రోజు

ఈ రోజు నుంచి మాత్ర మింగే వరకు రత్నానికి ఇనుము పడకూడదు. అంటే గంజి లేదు. గంజి లేదంటే కుండ లేదు.

కట్ట కట్టాక తొలి తుఫాను వచ్చిన ఏడాది జనం తిండి దాచుకుని ఒకరినొకరు చంపుకున్నంత పని చేశారు. అప్పటినుంచి ప్రతి వరసలోనూ పొద్దుటి గంజి ఒకే కుండలోంచి, అందరి ఎదుటా. మాకు జైలు లేదు. తప్పు చేసినవాణ్ణి కుండ తప్పిస్తారు. వాడికి గోదాం నుంచి ఎండు తిండి బిళ్లలు ఇస్తారు, ఇంట్లో ఒక్కడే కూర్చుని తినాలి. వేటకు పోయినవాళ్ల కోసం, జబ్బుపడినవాళ్ల కోసం కుండ చూసే ఆమె మనిషికొకసారి చొప్పున గరిటెతో అంచు మీద కొడుతుంది. మనవాళ్లే, ఇప్పుడిక్కడ లేరు అని దాని అర్థం. కుండ తప్పినవాడికి ఆ చప్పుడు ఉండదు.

మా వరస కుండ పోలమ్మది. డెబ్భై దాటాయి. చుట్టరికం ఏమీ లేదు గాని రత్నం ఆమెను అక్క వరసలో అప్పా అంటుంది, ఆమె నన్ను మరిది అంటుంది. విషయం చెబుదామని ఇద్దరం వెళ్లాం.

"వారం పొద్దులా? ఏటి తప్పు సేసిందని?" అంది పోలమ్మ.

"తప్పు కాదప్పా. కెమెరాకి లోపల కనపడాల. ఇనుము పడితే మసి పూసినట్టుంతాదంట."

"మరి నీ వొంతు గంజి ఏటి సెయ్యమంతావ్?"

"నీ మరిదికి పొయ్యి. సిక్కిపోనాడు."

"ఆడికెందుకే. వార్తలు తిని బతికీగలడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. మేము వెనక్కి తిరిగాక పోలమ్మ గరిటె ఎత్తి అంచు మీద ఒక్కసారి కొట్టింది. రత్నం ఆగి విన్నది. కట్టను వినేటప్పుడు తల ఎలా ఒక పక్కకు వంచుతుందో అలాగే వంచింది.

"కుండ గుల్లేటి కాదు. బాగుంది," అంది.


స్వాతి కార్తె, మొదటి రోజు

మాత్ర నిన్న పడవలో దిగింది. రేపు మింగుడు.

ఈ రోజంతా తేట ద్రవాలే. పంచదార నీళ్లు, పాలు లేని టీ, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు. గ్లాసులో పోస్తే అవతలి పక్క కనపడాలి, అదీ కొలత అని సిస్టర్ చెప్పింది. మధ్యాహ్నం నుంచి పేగులు కడిగే మందు. పెద్ద జగ్గు నిండా కలిపి ఇచ్చింది.

"కట్టకవతల ఉన్న సముద్రం సాలక ఇదొకటా," అంటూ రత్నం ముక్కు మూసుకుని తాగింది. మొదటి జగ్గయ్యాక సిస్టర్ ఇంకొకటి కలిపింది. రెండో జగ్గులో సగానికి మరుగుదొడ్డి తలుపు తీసే ఉంచమంది, లేచి గడియ తీసే ఓపిక లేదని. నేను పట్టుకుని తీసుకెళ్లి తీసుకొచ్చాను. ఆమె చేయి తేలిగ్గా ఉంది.

మాత్ర ఇరుక్కునే ప్రమాదం గురించి డాక్టర్ ఫర్హానా ముందే చెప్పింది. మోకాళ్ల నొప్పికి రత్నం చాలా ఏళ్లుగా ఆసుపత్రి బిళ్లలు వేసుకుంటోంది. అవి పేగును పుండు చేసి, మానిన చోట ఉంగరంలా బిగించగలవు. దారి ఉందో లేదో చూడటానికి ముందుగా కరిగిపోయే ఉత్త మాత్ర ఒకటి మింగిస్తారట. అవి తయారవడం ఆగిపోయి చాలా కాలమైంది.

సాయంత్రం వార్తలు చదవడానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి రత్నం గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. గూట్లో పోలమ్మ గ్లాసు బోర్లించి ఉంది. అప్ప చూసిపోవడానికి వచ్చింది కాబోలు అనుకున్నాను.


స్వాతి కార్తె, రెండో రోజు

సిస్టర్ రత్నం పొట్ట మీద మాత్ర పంపే బొమ్మలు అందుకునే బిళ్లలు అంటించి, నడుముకు బెల్టు కట్టింది. డబ్బాలోంచి మాత్ర తీయగానే దాని కొస మినుకుమినుకుమని వెలగడం మొదలైంది. రత్నం దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది.

"ఎంతమంది కడుపుల్లో సంగతులు తెలుసో దీనికి."

"నాకంటే ఎక్కువే," అన్నాను.

"తెలిసినా మైకులో సదవదు. నీలాటిది కాదు."

నీళ్లతో ఒక్క గుటకలో మింగేసింది. తర్వాత సిస్టర్ మమ్మల్ని వరండాలో అటూ ఇటూ నడిపించింది. సిస్టర్ చేతిలోని తెర మీద బొమ్మలు వస్తున్నాయి. కడుపు దాటింది. చిన్నపేగు మొదలైంది. లేత గులాబీ రంగు మడతలు, వాటి మీద నూగు. నూగు నీళ్లలో పచ్చికలా కదులుతోంది. ఎక్కడా రక్తం లేదు.

"ఇది నానేనా?" అంది రత్నం.

"మీరే అక్కా."

"బాగుందే. ఇన్నాళ్లు ఎవులూ సెప్పలేదు."

కొంతసేపటికి మడతల మధ్య నల్లటి నలకలు కనిపించాయి. తర్వాత చారలు. ఆ తర్వాత తెరంతా నలుపు. సిస్టర్ తెర తుడిచింది. తెర మీద మురికేమీ లేదు.

"రాత్రి ఏం తాగారక్కా?"

"నువ్వు సెప్పినవే."

మాత్ర బ్యాటరీ అయిపోయేవరకు బొమ్మలు వచ్చాయి. అన్నీ నల్లగానే వచ్చాయి.


స్వాతి కార్తె, నాలుగో రోజు

డాక్టర్ ఫర్హానా బొమ్మలన్నీ చూసింది. పేగు మొదటి భాగం శుభ్రం. ఆ తర్వాత ఇనుము పూత. "ఒకచోట ఎరుపు ఛాయ ఉన్నట్టుంది. కానీ ఉందని రాయలేను. ఈ బొమ్మలతో పడవ అడగలేను," అంది. బొమ్మలు మూసేసి, "ఎవరిచ్చారో నాకు అక్కర్లేదు. కానీ ఒక మింగుడు పాడైందని సంఘానికి చెప్పక తప్పదు. వాళ్లు అడుగుతారు," అంది.

ఉమ్మడి పరికరాన్ని పాడు చేసినవాళ్లకు శిక్ష ఏమిటో కట్ట మీద అందరికీ తెలుసు.

ఇంటికి వచ్చి రత్నాన్ని అడిగాను. దాచలేదు.

"నువ్వు వార్తలకెల్లినావు. అప్ప వొచ్చింది. పొద్దుటి కుండలో మిగిలిన గంజి మీద తేట తీసి మూడు మడతల గుడ్డలో వడకట్టింది. గ్లాసు నా మొకం ముందెట్టి, ఇదిగో నా ఏలు కనపడతందా లేదా అంది. కనపడింది మావా."

"అందులో ఇనుము ఉంటుందని నీకు తెలియదా?"

"ఆవిడికి తెలీదు. నాకు తెలుసు."

గూట్లో ఇంకా బోర్లించే ఉన్న గ్లాసు తీసి చూశాను.

"వారం నుంచి కుండ కాడికెల్లలేదు. మల్లీ ఎల్తానో లేదో. ఆ వొయసులో ఆవిడే వొచ్చింది. సేతిలో గ్లాసట్టుకుని నిలబడితే ఏటని వొద్దంతాను? ఒక్క గుక్కే కదాననుకున్నాను."

"సంఘం వాళ్లు అడుగుతారు."

"అప్ప పేరెత్తకు."

"నన్ను అడిగితే?"

"ఒక్క అబద్దం ఆడితే నీ నాలికేటి ఊడిపోదులే."


స్వాతి కార్తె, పదో రోజు

మాత్ర బయటికి రాలేదు. మరుగుదొడ్డిలో జల్లెడ పెట్టి ప్రతిసారీ చూస్తున్నాం. తర్వాతి వంతు వాళ్లదైన మూడో మలుపు ఊరి నుంచి రేడియోలో రోజూ అడుగుతున్నారు. అక్కడ ఒక కుర్రవాడికి రక్తం పోతోందట. వాడి తండ్రి గొంతు వినడం కష్టంగా ఉంది. ఇంకా రాలేదని చెప్పడం తప్ప నేను చేయగలిగింది లేదు.

ఈ రోజు సిస్టర్ ఎక్స్‌రే తీసింది. పొట్టలో కుడివైపు కింద, తెల్లటి గింజలా మాత్ర. నిన్న తీసినప్పుడూ సరిగ్గా అక్కడే ఉంది. డాక్టర్ ఫర్హానా చాలాసేపు చూసింది.

"ఇరుక్కుంది. అక్కడ పేగు బిగుసుకుని ఉండాలి. ఆ మోకాళ్ల నొప్పి బిళ్లల వల్లే అయ్యుంటుంది. పుండు కూడా అక్కడే ఉండొచ్చు."

అంటే బొమ్మలు చూపించని చోటును మాత్ర ఇరుక్కుని చూపించింది. రత్నానికి చెబితే కళ్లు మూసుకునే నవ్వింది.

"గుడ్డిదైనా సోటు పట్టీసింది. నా కమ్మీ లాగే."

పడవ పంపమని సంఘాన్ని అడిగాను. "ఉండాలి, అయ్యుంటుంది, ఉండొచ్చు అని డాక్టర్ చెప్పారు. ఉంది అని చెప్పలేదు," అన్నారు. వాళ్లన్నది పొల్లుపోకుండా నిజం. నేనూ ఇన్నాళ్లు వార్తలు అలాగే చదివాను.


స్వాతి కార్తె, పన్నెండో రోజు

పడవ మంజూరైంది. ఉత్తర్వు నేనే మైకులో చదివాను. "ఉమ్మడి ఆస్తి అయిన క్యాప్సూల్‌ను స్వాధీనం చేసుకునేందుకు సర్జన్ బయలుదేరుతున్నారు. వాహకురాలు సహకరించవలెను." రత్నం పేరు అందులో లేదు. మనిషి కోసం కదలని పడవ మాత్ర కోసం కదిలింది. ఎందుకు కదిలినా కదిలింది చాలనుకున్నాను.

చదివి వచ్చాక రత్నం అడిగింది, "వాహకురాలంతే ఏటి మావా?"

"మోసే మనిషి."

"పోన్లే. పనిలోనే ఉన్నాననుకుంతారు."

రేడియోలో ఇంకో కబురు కూడా వచ్చింది. ఆగ్నేయంగా వాయుగుండం.


విశాఖ కార్తె, రెండో రోజు

తుఫాను మూడు రోజులు పడవను ఆపింది. అలలు కట్ట నెత్తి మీదుగా దూకాయి. ఏడో తూము దగ్గర గోడ ఉబ్బింది. గుల్ల ఎక్కడుందో చెప్పే మనిషి మంచం మీద ఉంది. తోచిన చోటల్లా తవ్వి సిమెంటు కూరారు. గోడ నిలిచింది.

రత్నానికి మా వరస నుంచి తొమ్మిది మంది రక్తం ఇచ్చారు. పోలమ్మ కూడా చేయి చాపింది. వయసు మీద పడిందని సిస్టర్ వద్దంటే ఆమెతో పోట్లాడింది.

సర్జన్ నిన్న ఉదయం దిగాడు. దిగిన గంటకే కోత మొదలైంది. పేగు ఒకచోట ఉంగరంలా బిగుసుకుపోయి ఉంది. దాని పైన పుండు, పుండుకు ఆనుకుని మాత్ర. ఆ ముక్క కోసి రెండు కొసలు కలిపాడు. ఎక్కడా తప్పు జరగలేదు. రత్నం గుండె సాయంత్రం దాకా కొట్టుకుని ఆగిపోయింది.

చేతులు కడుక్కుంటున్న సర్జన్‌ను అడిగాను. "బొమ్మలు బాగా వచ్చి ఉంటే?"

"ఆ రోజే బయలుదేరేవాణ్ణి. అప్పటికి తుఫాను లేదు. అంతమాత్రాన బతికేదని నేను అనలేను."

"బతికేది కాదని అనగలరా?"

"అదీ అనలేను."

పోలమ్మ రత్నం కాళ్ల దగ్గర కూర్చుంది. ఏడవలేదు. కొంగు మూడు మడతలు వేసి, విప్పి, మళ్లీ వేస్తోంది.

"వడకట్టేను కదా బాబూ. గ్లాసులో ఏలు కనపడింది. ఎంత తేటగా ఉందని."

నేను పక్కన కూర్చున్నాను.

ఈ సాయంత్రం వార్తలు నేనే చదివాను. కట్ట మీద ఎవరు పోయినా పేరు చదవడం రివాజు. కట్ట వినే నూకరత్నం, యాభై ఆరేళ్లు, మరణించారు. క్యాప్సూల్ పనిచేసే స్థితిలో ఉంది, మూడో మలుపుకు పంపారు. రెండు వాక్యాలు. రెండూ నిజాలే.


విశాఖ కార్తె, ఆరో రోజు

సంఘం నుంచి ఇద్దరు వచ్చారు. వరస అంతటినీ కుండ దగ్గరే కూర్చోబెట్టారు. మింగుడు ముందు రోజు ఇనుమున్న పానీయం ఎవరిచ్చారు అన్నది ప్రశ్న.

పోలమ్మ వెనకగా నిలబడి ఉంది. ఆమెకు సొంత పొయ్యి లేదు. ఆమె పొయ్యి అంటే ఈ కుండే. గోదాం బిళ్లలు నమలడానికి పళ్లు లేవు. పోయిన ఏడు పక్క వరసలో కుండ తప్పించిన ముసలాయన తొలకరి దాకా ఉండలేదు. ఆ వార్త చదివింది కూడా నేనే.

ఆమె ఒక అడుగు ముందుకు వేసి నోరు తెరిచింది.

"నేనిచ్చాను," అన్నాను.

ఇద్దరిలో పెద్దాయనకు నేను చాలా ఏళ్లుగా తెలుసు. "వార్తలు చదివే మనిషివి. ఇనుము సంగతి నీకు తెలియదా?" అన్నాడు.

"తెలుసు. గంజి మీది తేట వడకట్టి ఇచ్చాను. అడిగింది, ఇచ్చాను."

"బాబూ..." అంది పోలమ్మ.

"కూర్చో అప్పా. కాళ్లు నొప్పెడతాయి."

ఆమె కూర్చోలేదు. గరిటె రెండు చేతులా పట్టుకుని నిలబడింది. వచ్చే తొలకరి దాకా నన్ను కుండ తప్పించారు, గరిటె చప్పుడుతో సహా. వార్తలు కూడా ఇంకొకరు చదువుతారు. పెద్దాయన వెళ్తూ నా భుజం మీద చేయి వేశాడు. నమ్మాడో లేదో తెలియదు. అడగలేదు.


విశాఖ కార్తె, ఏడో రోజు

మూడో మలుపు కుర్రవాడి కడుపులో చోటు దొరికిందని, సర్జన్ అటు బయలుదేరాడని సిస్టర్ ఎస్తేరు కిటికీ దగ్గరికి వచ్చి చెప్పింది. కుండ తప్పినవాడితో ఎవరూ మాట్లాడకూడదు. చెప్పి వెళ్లిపోయింది.

రత్నం కమ్మీ మూలనే ఉంది. దాంతో గోడను కొట్టి చూశాను. నాకు అన్నిచోట్లా ఒకే చప్పుడు వినిపించింది.

అప్పుడే కుండ గంట మోగింది. తలుపులు తెరుచుకోవడం, గిన్నెల చప్పుడు, తోసుకోవద్దని పోలమ్మ ఎవరినో కసరడం అన్నీ వినిపించాయి. నేను గోదాం బిళ్లను నీళ్లలో నానబెట్టుకుని కూర్చున్నాను. కుండ దగ్గర మాటలు తగ్గాక గరిటె అంచు మీద ఒక్కసారి మోగింది.

"ఎవులికే అది?" అని ఎవరో అడిగారు.

"వేటకెల్లినోలకి," అంది పోలమ్మ.

మళ్లీ గిన్నెల చప్పుడు మొదలైంది. లేచి కిటికీలోంచి రేవు వైపు చూశాను. తుఫాను తర్వాత ఎవరూ ఇంకా వేటకు పోలేదు. మా వరస పడవలన్నీ తాళ్లకు కట్టేసే ఉన్నాయి.